చెరువు గట్టు నుంచి వచ్చిన జనరేటర్

ఆకివీడు నుంచి వచ్చిన ఒక తల్లి ఒళ్ళోని పిల్లాడికి ముక్కు తుడిచి, ఆ గుడ్డ నాకు చూపించింది. పాత తెల్ల లుంగీ చింపిన ముక్క అది. దాని మీద చీమిడి నల్లగా ఉంది.

"కాటుకేమన్నా పెట్టారా అమ్మా?" అని అడిగాను.

"ఆయాసంతో ఎగరొప్పుతున్న పిల్లాడికి కాటుకెవరు పెడతారండీ? మా ఊళ్ళో బయలుదేరినప్పుడు తెల్లగానే ఉందండి. ఇక్కడికొచ్చాకే ఇలాగ. మందు వేడి చేసిందేమోనండీ?"

ఆమె గొంతులో నింద లేదు. మాలో ఎవరినీ తప్పు పట్టాలన్న ఆలోచనే ఆమెకు లేదు. కరెంటు పోయి చాలాసేపయింది. కిటికీ అవతల, ఆసుపత్రి వెనక పెరట్లో, జనరేటర్ దడదడలాడుతోంది. వేసవి కాబట్టి వార్డు కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి. ఆ పిల్లాడి మూతికి పెట్టిన మాస్కులోంచి మందు ఆవిరి వస్తోంది. ఆ ఆవిరి పట్టే నెబ్యులైజర్ మిషను నడుస్తున్నది ఆ జనరేటర్ మీదే. అదే జనరేటర్ పొగ కిటికీలోంచి వచ్చి అదే పిల్లాడి ముక్కులోకి పోతోంది.

నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. అంతకుముందు ఆ వాసనను ఫినాయిల్ వాసనలాగే ఆసుపత్రి వాసనల్లో ఒకటనుకునేదాన్ని.

నా ఉద్యోగం

రిటైరయ్యానని చెప్పుకునే వయసు కాదు నాది. శాలువా కప్పలేదు, గ్రూపు ఫోటో తీయలేదు. ఏలూరులో ఒక ప్రైవేటు పిల్లల ఆసుపత్రిలో కొన్నేళ్ళు అడ్మినిస్ట్రేటర్‌గా చేసి మానేశాను. మళ్ళీ ఆ పనిలోకి వెళ్ళను కాబట్టి అదీ రిటైర్మెంటే. ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి మొన్న చర్చి దగ్గర కనపడి, "అక్కా, ఈ ఉద్యోగంలో ముందు నేర్చుకోవాల్సింది ఏంటక్కా?" అని అడిగింది. ప్రార్థనకు వేళయిందని అప్పుడు జవాబు దాటేశాను. పిల్లలు పడుకున్నాక ఇప్పుడు ఆమె కోసం, ఆమెలాంటి వాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను ఎం.ఏ. ఎకనామిక్స్ చదివాను. జనం ఆదాయం పెరిగితే వైద్యం మీద ఖర్చు పెరుగుతుందనీ, వైద్యం బాగుంటే జనం ఇంకా బాగా పనిచేసి ఇంకా సంపాదిస్తారనీ మాకు పాఠం చెప్పారు. బోర్డు మీద రెండు గీతలు, చేయి చేయి పట్టుకుని కొండెక్కుతున్నట్టు పైకి పోయేవి. ఆ కొండెక్కడానికి ఏం కాలుస్తారో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఉద్యోగంలో చేరాక తెలిసింది, నా అసలు పని కరెంటు అని. రోగులను డాక్టర్లు చూసుకుంటారు, మందులను నర్సులు చూసుకుంటారు. ఫ్యాను ఆగినా, మోటారు ఎక్కకపోయినా, లిఫ్టు రెండంతస్తుల మధ్య నిలిచిపోయినా "సునీత గారేరీ?" అనే కేక వినపడేది. కొత్తగా చేరేవాళ్ళు కంప్యూటర్ నేర్చుకుని వస్తున్నారు, మంచిదే. కానీ చేరిన రోజునే మేడ మీద నుంచి పెరటిదాకా నడిచి, మీ ఆసుపత్రి ఏ గాలి పీలుస్తుందో, ఏ గాలి వదులుతుందో చూడండి. నేను ఆ నడక చాలా ఆలస్యంగా నడిచాను.

మా పెద్ద డాక్టరు గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. చంటిపిల్లకు ఊపిరి అందకపోతే భోజనం మధ్యలో లేచి, చేయి కడుక్కుంటూనే వార్డుకు పరిగెత్తేవారు. తల్లులను "ఏమ్మా" అని తప్ప పిలిచేవారు కాదు. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇక చెప్పబోయేదంతా ఒక దుర్మార్గుడి కథ అనుకుంటే మీకు నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

రాజు గారి కానుక

ఆ జనరేటర్ మేం కొన్నది కాదు. అది ఒక మొక్కుబడి లాంటిది.

ఆకివీడు అవతల, కొల్లేటి పక్కన, ఒక రాజు గారికి చేపల చెరువులుండేవి. ఆయన మనవడు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు న్యుమోనియాతో మా దగ్గరికొచ్చి బతికాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు సరస్సును ఆక్రమించాయని ప్రభుత్వం వాళ్ళు కొల్లేట్లో చెరువు గట్లు కొట్టేశారు. గట్లు పోయిన రాజు గారికి, చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలను తిప్పిన పెద్ద డీజిల్ జనరేటర్ మిగిలిపోయింది. ఇనప సామాన్ల వాడికి అమ్మడానికి ఆయనకు మనసొప్పలేదు. లారీ మీద వేసుకుని, పసుపు రాసి, బొట్టు పెట్టి, మా గుమ్మం ముందు దింపాడు.

"చేపలకి గాలాడక నీళ్ళమీదకి తేలిపోతుంటే గాలిచ్చిందండి ఇది. ఇక మీ పిల్లలకిస్తది. ఆయ్, కాదనకండి డాక్టరు గారూ!" అన్నాడు.

"ఇంత పెద్దది మాకెందుకండీ రాజు గారూ? మా చిన్నది చాలు," అన్నారు డాక్టరు గారు నవ్వుతూ.

"చిన్నదేం చాలుద్దండీ? అప్పుడు మా కోడలు వార్డులో చెమటలు కక్కింది. మీ రూములో ఏసీ కూడా ఆగిపోయింది. మావాడికి ఊపిరి పోసినాయన చెమటోడ్చడం నేను చూడలేనండి."

మా హెడ్ నర్సు సిస్టరమ్మ నా చెవిలో, "కోడలి చెమటకన్నా డాక్టరు గారి చెమటే పెద్దదయిపోయింది చూశారా!" అంది. అందరం నవ్వుకున్నాం. కొబ్బరికాయ కొట్టారు. ముందు వైపు కార్లు ఆపుకోవాలి కాబట్టి దాన్ని వెనక పెరట్లో, పిల్లల వార్డు కిటికీ కింద పెట్టించారు. మా ప్రాంతంలో కృతజ్ఞతతో ఇచ్చిందాన్ని ఎక్కడ పెట్టాలా అని చూస్తాం, పెట్టాలా వద్దా అని అడగం. చేప బుట్ట తెచ్చి ఇచ్చినా అంతే, జనరేటర్ తెచ్చి ఇచ్చినా అంతే.

పెద్ద జనరేటర్ రావడంతో ఆసుపత్రి కూడా పెద్దదైంది. చిన్నది ఉన్నన్నాళ్ళూ కరెంటు పోతే నాలుగు లైట్లు, నెబ్యులైజర్లు, ఫ్రిజ్ నడిచేవి. ఇప్పుడు ఎంత లోడయినా లాగుతుంది కదా అని రూములకు ఏసీలు పెట్టారు. లిఫ్టు వచ్చింది. హాల్లో మెరిసే దీపాలొచ్చాయి. చెరువుల డబ్బున్న వాళ్ళ కార్లు బారులు తీరాయి. ఏలూరులో మా వీధి పేరు చెప్పకపోయినా ఆటోవాళ్ళు తీసుకొచ్చేవారు. బోర్డు మీది గీతలు అచ్చం పాఠంలో ఉన్నట్టే పైకి పోయాయి.

పిల్లికూతలు

మొదట్లో చెప్పిన గుడ్డ చూశాక నేను డాక్టరు గారి గదికి వెళ్ళాను. జనరేటర్ మీద నడుస్తున్న ఏసీలో ఆయన ఒక ఎక్స్‌రే చూస్తున్నారు. విషయం చెప్పాను.

"ఊరంతా పొగే కదమ్మా. హైవే మీద లారీలు, ఇటుక బట్టీలు, మీ అత్తగారి గూడెంలో రైసు మిల్లులు. నీకు మనదొక్కటే కనపడిందా?"

"మనది మన వార్డులోకి వస్తోంది కదండీ."

"కరెంటు పోయినప్పుడు నెబ్యులైజర్‌ను నీ విసనకర్రతో నడిపిస్తావా?"

ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. తాడేపల్లిగూడెంలో మా అత్తగారు డాబా మీద పొద్దున్నే ఊక బూడిద ఊడుస్తుంది. ఒకసారి నేను విసుక్కుంటే మా మామగారు, "మిల్లు గొట్టంలో పొగ రాకపోతే గూడెంలో పొయ్యి వెలగదమ్మా" అన్నారు. ఆయన ఆ మిల్లులోనే పనిచేసి మా వారిని చదివించారు. మా వారు ఇప్పుడు దెందులూరులో టీచరు. ఆ చదువులో, ఆ ఉద్యోగంలో, మా ఇంటి అన్నంలో ఆ పొగ ఉంది. నేనెవరిని తిట్టను?

కానీ వార్డులో ఒక సంగతి నా కళ్ళ ముందే జరుగుతోంది. ఛాతీలో పిల్లికూతలతో వచ్చిన పిల్లలు తొందరగా ఇంటికి వెళ్ళడం లేదు. కరెంటు కోతలు ఎక్కువగా ఉన్న రోజుల్లో సాయంత్రానికి మళ్ళీ కూతలు మొదలయ్యేవి. కిటికీలు మూస్తే ఉక్కకు ఏడుపు. తెరిస్తే దగ్గు. సిస్టరమ్మ తడి దుప్పట్లు కిటికీలకు కట్టేది. అవి నల్లబడేవి.

ఇంతలో రాజు గారి మనవడే మళ్ళీ ఆయాసంతో వచ్చాడు. రూములు ఖాళీ లేక వార్డులో మంచం ఇచ్చాం. తాత కిటికీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటర్ మొదలైంది. కాసేపటికి మనవడితో పాటు తాత కూడా దగ్గడం మొదలుపెట్టాడు. లేచి కిటికీలోంచి కిందకు తొంగి చూశాడు.

"ఇది మాదేనా అండీ?" అని నన్ను అడిగాడు.

"మీదేనండీ."

"గట్టు మీద దీని పక్కనే మంచమేసుకుని పడుకునేవోణ్ణి. ఒక్కనాడు దగ్గితే ఒట్టు. అక్కడ కొల్లేటి గాలి, ఎటు లాగితే అటు పోయేది. ఇక్కడ నాలుగు గోడల మధ్య గొంతుక్కూర్చుందేంటండీ!"

ఆయన డాక్టరు గారి గదిలోకి వెళ్ళి తలుపు కూడా వేయలేదు. "తీసేయించండి దాన్ని. నేనిచ్చిందే నావాడి గొంతు పిసుకుతుంటే నేను చూడనండి," అన్నాడు. డాక్టరు గారు ఆయన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "తీసేస్తే పిల్లలకు కరెంటేదండీ? చోటు మారుద్దాం," అన్నారు. రాజు గారు ఒప్పుకున్నాడు. ఆ వారంలోనే జనరేటర్‌ను పెరట్లోంచి పక్క గోడ దగ్గరికి జరిపారు. పొగగొట్టాన్ని గోడ మీదుగా అవతలి సందు వైపు తిప్పారు.

వార్డు శుభ్రపడింది. దుప్పట్లు తెల్లగా ఉన్నాయి. పిల్లలు తొందరగా కోలుకుని వెళ్ళారు. సిస్టరమ్మ నాకు మిఠాయి తినిపించింది. గెలిచామనుకున్నాను. ఈ ఉద్యోగంలో నేను పూర్తిగా సంతోషించిన రోజులు అవే. ఇప్పుడు తలుచుకుంటే వాటికే ఎక్కువ బాధపడతాను.

గోడ అవతల

ఆ సందులో దర్జీల ఇళ్ళు వరసగా ఉంటాయి. మొదటి ఇల్లు జరీనాది. ఆమె భర్త ముందు గదిలో మిషను కుడతాడు, ఆమె హెమ్మింగులు, హుక్కులు చూస్తుంది. నా డ్యూటీ అయ్యేదాకా బడి నుంచి వచ్చిన నా పిల్లలు స్నేహ, చిన్నాడు ఇద్దరూ వాళ్ళింట్లోనే ఉండేవారు. వాళ్ళమ్మాయి సమీరాది, స్నేహది ఒకే క్లాసు. సమీరా తమ్ముడు అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

ఒక సాయంత్రం పిల్లలను తీసుకురావడానికి వెళ్తే జరీనా కుట్టిన జాకెట్లు దులుపుతోంది.

"రండి మేడమ్ గారూ! కలుగులో ఎలకలకి పొగపెట్టినట్టు మాకు పెట్టారేంటండీ? మొన్న ఒకావిడ జాకెట్టు వాసన చూసి, కుట్టారా కాల్చారా అని అడిగింది," అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. గదిలో నా చిన్నాడు పెన్సిలు పట్టుకుని దగ్గుతున్నాడు. చాప మీద జరీనా కొడుకు పడుకుని ఉన్నాడు. వాడి ఛాతీ దగ్గర చెవి పెట్టకముందే నాకు కూత వినపడింది. వార్డులో అన్నేళ్ళు వినీ వినీ చెవికి పట్టేసిన చప్పుడు అది.

"ఎన్నాళ్ళ నుంచి జరీనా?"

"జలుబేనండీ. తగ్గుద్ది."

మర్నాడు మళ్ళీ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఆయన విసనకర్ర ప్రశ్నకు జవాబుతో వెళ్ళాను. వార్డు లైట్లకు, నెబ్యులైజర్లకు కావలసిన కరెంటు కొంచెమే, దానికి ఇన్వర్టరు, బ్యాటరీలు చాలు. ఏసీలు, లిఫ్టు, హాల్లో దీపాలు కరెంటు వచ్చేదాకా ఆపుదాం, జనరేటర్‌ను మరీ అవసరమైతేనే వేద్దాం అన్నాను. ఈ ఉద్యోగం నాకు నేర్పిన ముఖ్యమైన సంగతి ఇదే, రాసి పెట్టుకోండి: వైద్యానికి కావలసిన కరెంటు తక్కువ. హంగుకు కావలసిందే ఎక్కువ. రెండింటినీ ఒకే తీగకు కట్టి, అంతా ప్రాణాలు నిలపడానికేనని మనకు మనం చెప్పుకుంటాం.

డాక్టరు గారు ఓపిగ్గా విన్నారు. "నువ్వు చెప్పింది తప్పు కాదమ్మా. కానీ ఏసీ ఆగితే ఆకివీడు కార్లు ఇక్కడ ఆగవు, తిన్నగా విజయవాడ పోతాయి. ఆ కార్లు పోతే ఈ వార్డు నడవదు," అన్నారు. మళ్ళీ తనే, "ఆ దర్జీ వాళ్ళ పిల్లాణ్ణి తీసుకురా. ఫీజు వద్దు. నేను చూస్తాను," అన్నారు.

మనస్ఫూర్తిగా అన్నారు. చూశారు కూడా. జరీనా కొడుకును ఎత్తుకుని వచ్చింది. వాడిని వార్డులో కూర్చోబెట్టి మాస్కు పెట్టాం. కరెంటు పోయింది. గోడ పక్కన జనరేటర్ మొదలైంది. వాడు మా వైపు గాలి పీలుస్తూ తేరుకుంటున్నాడు. వాడికి మందు పడుతున్నంతసేపూ గోడ అవతల వాళ్ళింట్లో, వాడి చాప మీద, ఆ మందు పట్టడానికి కాల్చిన డీజిల్ పొగ దిగుతోంది. సాయంత్రానికి వాడు ఆ చాప మీదికే వెళ్ళాలి.

"చల్లని చెయ్యండీ డాక్టరు గారిది," అంది జరీనా నాతో.

నేను తల ఊపాను.

ఈ మధ్య పేపర్లలో కార్బన్ గురించి చదువుతున్నాను. భూమి వేడెక్కుతోందట, ఎక్కడెక్కడో మంచు కరుగుతోందట. కార్బన్ కంటికి కనపడదు. మాకు కనపడింది మసి ఒక్కటే. అదైనా కనపడింది కాబట్టి గోడ దాటించాం. కనపడనిదాన్ని ఏ గోడ దాటిస్తాం? ఊళ్ళో డబ్బు పెరిగింది, మంచి వైద్యం వచ్చింది, చచ్చిపోయే పిల్లలు బతికారు. ఇది అబద్ధం కాదు. ఆ వైద్యానికి డీజిల్ కాల్చాం, ఆ పొగకు కొత్త రోగులొచ్చారు, వాళ్ళ కోసం ఇంకో అంతస్తు వేశాం. ఇదీ అబద్ధం కాదు. నేను చదివిన పాఠంలో మొదటిదే ఉంది.

జరీనా కొడుకుకు మందు పట్టిన రోజే రాజీనామా ఇచ్చాను. వీరత్వం కాదది. నా పిల్లలను ఆ ఇంట్లోంచి తీసుకురావాలంటే ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. డాక్టరు గారు చాలాసార్లు ఉండమన్నారు. సిస్టరమ్మ, "మీరు పోతే ఇక అడిగేవాళ్ళుండరండీ," అంది. ఆ మాట నిజమే. నేను అక్కడే ఉండి, రోజూ అడుగుతూ ఉండాల్సిందా అని ఇప్పటికీ నాకు తేలలేదు. కొత్తగా చేరే మీరు ఉండండి, అడగండి అని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, కానీ అదే చెప్తున్నాను.

ఇంటికి వెళ్ళేముందు జరీనాతో చెప్పాను, పిల్లలు ఇక రారని, ఎందుకు రారో కూడా. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, "తీసుకెళ్ళండి మేడమ్ గారూ. తల్లికి భయముంటది కదండీ," అంది. 'నాకూ ఉంది' అని ఆమె అనలేదు. అనకపోయినా నాకు వినపడింది.

మర్నాడు పొద్దున

పొద్దున్నే జడ వేస్తుంటే స్నేహ అడిగింది.

"అమ్మా, ఇవాళ నుంచి జరీనా ఆంటీ వాళ్ళింటికి ఎందుకు వెళ్ళొద్దు? వాళ్ళు ఏమన్నా అన్నారా?"

నేను ఉద్యోగం మానేశాను కాబట్టి అని చెప్పొచ్చు. అది నిజమే, పిల్లలకు సరిపోతుంది కూడా. నోటిదాకా వచ్చింది. కానీ సమీరా వాళ్ళు ఏదో తప్పు చేశారని నా కూతురు అనుకోవడం నాకిష్టం లేకపోయింది.

"వాళ్ళేమీ అనలేదమ్మా. మన ఆసుపత్రి పొగ వాళ్ళింట్లోకి పోతోంది. అది పీలిస్తే జబ్బు చేస్తుంది. అందుకని."

"మరి సమీరా?"

"సమీరాని కూడా తీసుకురా. బడి అవగానే ముగ్గురూ మనింటికే రండి. చీకటి పడేదాకా ఇక్కడే ఆడుకోండి. నేను వాళ్ళమ్మకు చెప్తాను."

పక్కన పాలగ్లాసుతో కూర్చున్న చిన్నాడు తలెత్తాడు. "వాళ్ళ తమ్ముడు బడికి రాడు కదమ్మా. వాడెక్కడుంటాడు?"

జడ చివర రిబ్బను ముడి వేసి, స్నేహ భుజాలు పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. ఇద్దరూ నా మొహం చూస్తున్నారు.

"వాడు అక్కడే ఉంటాడు నాన్నా," అన్నాను.